వసారా పిట్టలు

“పిట్టల కోసం అడవులు పట్టి తిరిగినవాడివి, ఇప్పుడు హోటల్ రొట్టెముక్కలు తినే పిట్టల్ని చూడ్డానికి నైరోబీ నుంచి బారింగో సరస్సు దాకా పోదామంటావా?” అంది నెకేసా, భర్త చేతిలోని ఫోన్ లాక్కుంటూ.

బరాసా టీ ఊదుకున్నాడు.

“కొండమీది లాడ్జి వద్దన్నావు. దీవిలోది బాగోలేదన్నావు. ఇదేమో వసారాలో పళ్లెం పెట్టి పిట్టల్ని పిలుస్తుందట. మంచం మీదికి కూడా తెస్తారేమో అడగనా?”

“అడుగు. ఇంకా మంచిది.”

“పోయినేడు ఏటి అవతల చెట్టు మీది గద్దని చూసి, దాని ఈడు కూడా చెప్పిన మొనగాడివి నువ్వేనా?”

“అక్కడ నల్లగా ఏదో కనిపించింది నెకేసా. గద్దా, ఈడూ నేను కల్పించి చెప్పాను.”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అతను నవ్వడం లేదు. ఆమధ్య అతను దుర్భిణి మేనల్లుడికి ఇచ్చేస్తే, ఇంత ధర్మబుద్ధి ఎప్పుడు పుట్టిందని తనే వెక్కిరించింది.

“ఎంత దూరం కనిపిస్తోంది?” అని మెల్లగా అడిగింది.

“వసారా చివరిదాకా.”

నెకేసా లాడ్జికి ఫోన్ చేసి, ఆ పళ్లెం పక్కగదే కావాలంది.

“అది వద్దమ్మా, తెల్లారకముందే పిట్టలు చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి,” అన్నాడు అవతలి మనిషి.

“అరిచేవే కావాలి బాబూ. మా ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి. నా మాట తప్ప అన్నీ వినిపిస్తాయి.”