మ్యాచింగ్ సెంటర్

రిపోర్టు రావడానికి ఇరవై రోజులు పడుతుందన్నారు.

మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని అమీనా బీ దవాఖానా మెట్లు దిగింది. వెనకాలే ఆమె భర్త మహబూబ్ అలీ. ఇద్దరి దగ్గరా రక్తం తీసుకున్నారు. చిన్న సీసాల మీద పేర్లు రాసి, సీలు వేసి, హైదరాబాదు పంపుతామన్నారు.

"మ్యాచ్ అయితే ఫోన్ చేస్తం. కాకపోయినా చేస్తం," అన్నాడు సంతకాలు పెట్టించుకున్నాయన.

ఆటోలో నేరుగా వచ్చి దుకాణం షట్టరు ఎత్తారు. కొడుకు దానిష్ ఇంట్లో లేక అప్పటికి నలభై రోజులు. అయినా దుకాణం తెరవక తప్పదు.

కొత్తగూడెం బజారులో వాళ్ళది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సు. చీర కొంగు ఒక్కసారి చూస్తే చాలు, అమీనా బీ అలమారు నిండా ఉన్న థానుల్లోంచి సరిగ్గా ఆ రంగే లాగుతుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ మ్యాచ్ అన్న మాట లేకుండా ఆమె రోజు గడవదు. దానిష్ వారానికి రెండుసార్లు మోటారు సైకిలు వెనక మూట కట్టుకుని పినపాక, అశ్వారావుపేట సంతలకు వెళ్ళి అవే ముక్కలు అమ్మేవాడు.

ఆ మధ్యాహ్నమే రాఘవమ్మ వచ్చింది. అశ్వారావుపేటలో పామాయిల్ తోట ఉన్నావిడ. పాత ఖాతాదారు. మనవరాలి ఓణీల ఫంక్షనుకు కొన్న తొమ్మిది చీరలు బల్ల మీద పరిచింది.

"ఏమ్మా అమీనా, చేతికి ఆ దూదేంటి?"

"దానిష్ కోసం రక్తం ఇచ్చి వచ్చినమమ్మా. మ్యాచ్ అయితదో లేదో చూస్తరంట," అన్నాడు మహబూబ్ అలీ.

"అయ్యో! ఆ పిల్లాడికేమైంది? కొంపదీసి కిడ్నీలా?"

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపునే రాఘవమ్మ జవాబనుకుంది.

"మా ఆయనకీ అంతేనమ్మా. మా ఆడపడుచుది మ్యాచ్ అయింది, ఇచ్చింది. పదేళ్ళయింది. ఇప్పుడు తోటకి వెళ్ళి గెలలు కోయిస్తున్నాడు. నువ్వు కన్నతల్లివి. నీ రక్తం కలవకుండా ఎక్కడికి పోతుంది? మ్యాచ్ అవ్వాలని నేను మొక్కుకుంటాను."

అమీనా బీ చేతిలో కత్తెర ఆగింది. "వద్దమ్మా. మొక్కకండి," అంది.

రాఘవమ్మ దాన్ని మొహమాటం అనుకుంది.

ఆ సాయంత్రం కూతురు షబ్నమ్ బడి నుంచి వచ్చి నోటు పుస్తకాలు దిద్దుతోంది. ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. అమీనా బీ ఎదురుగా కూర్చుంది.

"బేటీ, ఇంగ్లీషుల మ్యాచ్ అంటే ఏంది?"

షబ్నమ్ తలెత్తింది. "శానా ఉన్నయ్ అమ్మీ. ఆట మ్యాచే. అగ్గిపుల్ల మ్యాచే. పెండ్లి సంబంధం మ్యాచే. ఒకనికి సరిజోడు ఉంటే గదీ మ్యాచే. ఒకదాన్ని ఇంకోటి పోలి ఉంటే..." అని ఆగిపోయింది.

"మీ అన్న అన్నం తినకుండ ఆటకు ఉరుకుతడు చూడు ఆదివారం. గదే కదా?"

"అవ్ అమ్మీ."

"వానికి సత్తుపల్లి పిల్లను చూసినప్పుడు కూడా మంచి మ్యాచ్ అన్నరు."

"అవ్."

"అన్నీ మంచి మాటలే ఉన్నయ్ గదా మరి."

షబ్నమ్ ఎర్ర పెన్ను మూత పెట్టింది. తెరిచింది. మళ్ళీ పెట్టింది.

రోజులు కదలడం లేదు. ఫోను మోగితే మహబూబ్ అలీ దూరంగా వెళ్ళి మాట్లాడి వచ్చేవాడు. ఆయన ముఖం చూసి, ఇది ఆ ఫోను కాదని అమీనా బీ తెలుసుకునేది. ఏం చేద్దామన్నా చేసేదేమీ లేదు. ఇవ్వాల్సింది ఇచ్చేశారు.

పదిహేనో రోజున ఆమె జీవితంలో మొదటిసారి రంగు తప్పింది. నెమలికంఠం చీరకు ముదురు పచ్చ ముక్క ఇచ్చింది. గంటలో ఆ అమ్మాయి తిరిగి వచ్చింది.

"మ్యాచ్ కాలేదు ఆంటీ."

అమీనా బీ ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఏమన్నవ్ బిడ్డా? మళ్ళొకసారి చెప్పు."

"మ్యాచ్ కాలేదు అన్న."

"సల్లగుండు," అని సరైన ముక్క చించి, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది కూడా.

ఇరవై రెండో రోజున రాఘవమ్మ మళ్ళీ వచ్చింది. ఫంక్షను బాగా జరిగిందట. చేతిలో లడ్డూల డబ్బా. ఆమె కూర్చుంటుండగానే షబ్నమ్ లోపలికి వచ్చింది. బడి మధ్యలో వదిలి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. చేతిలో ఫోను.

"అబ్బాజాన్, రిపోర్టు పంపిండ్రు." తండ్రి వైపు చూసింది. తల్లి వైపు చూడలేకపోయింది. "మ్యాచ్ అయింది."

"చూశావా, నేను చెప్పలేదూ!" రాఘవమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "అల్లా నీ మొర విన్నాడమ్మా. నోరు తీపి చెయ్యి."

డబ్బా తెరిచి, ఒక లడ్డూ తుంచి అమీనా బీ నోట్లో పెట్టింది. అమీనా బీ వద్దనలేదు. మింగలేదు. ఉమ్మలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది.

"సంతోషంలో మాట రావట్లేదు పాపం," అని రాఘవమ్మ ఆమె భుజం నిమిరింది. "ఇంక భయం లేదు. పిల్లాడు ఇంటికి వచ్చేస్తాడు."

"అవ్ అమ్మా," అన్నాడు మహబూబ్ అలీ. "పోయి ఇంటికి తెచ్చుకుంటం."

రాఘవమ్మ ఆటో ఎక్కేదాకా గడపలో నిలబడి, తర్వాత షట్టరు సగానికి దించాడు.

పినపాక దారిలో వరద తీశాక వాగు ఇసుకలో దొరికిన, గుర్తుపట్టడానికి వీల్లేని శవం దానిష్‌దేనని షబ్నమ్ ఫోనులోని ఆ కాగితం చెబుతోంది.