ఆరని పూత

బోటు పెరట్లో పాత టైర్ల మీద బోర్లా పడి ఉంది. మేస్త్రి దాని అడుగున వేలు పెట్టి నొక్కాడు. వేలికి జిగురు అంటింది.

"ఇంకా ఆరలేదా నాన్నా?" అన్నాడు చిన్నకొడుకు.

"లేదు."

"నిన్న పొద్దున వేసిన పూత. మధ్యాహ్నానికే రాయి అయిపోవాలిగా?"

"అవ్వాలి," అన్నాడు మేస్త్రి. రేకు ముక్క తీసుకుని పూతంతా గోకడం మొదలుపెట్టాడు.

అది ఏటి మీద తిరగడానికి చేసిన ఫైబర్ బోటు. పెద్దకొడుకు దాన్ని ఏరు సముద్రంలో కలిసే చోటు కూడా దాటించి తీసుకెళ్లాడు. బోటు తిరిగొచ్చింది, తలకిందులుగా. అతను రాలేదు.

ఇప్పుడు చిన్నవాడు దాన్నే సముద్రం బోటుగా మార్చమంటున్నాడు. అడుగున చీలిక పూడ్చాలి. పక్కలు జానెడు పెంచాలి. పెద్ద ఇంజన్ మొయ్యడానికి వెనక పలక మందం చెయ్యాలి. ఇంజన్ ముందే వచ్చేసింది. వరండాలో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది.

"అన్న వెళ్లిన చోటుకే వెళతావుట్రా?" అని తల్లి మొదటిరోజే అడిగింది.

"చేపలు అక్కడే ఉన్నాయమ్మా. ఏట్లో ఏముంది, బురద. అన్నది చిన్న ఇంజన్. నాది చూశావుగా."

"నీ ఇంజన్ సంగతి సముద్రానికి ఎవరు చెబుతార్రా?"

"నాన్న చెయ్యనంటే చెప్పు, బయట ఇచ్చుకుంటా."

మేస్త్రి అప్పుడు నోరు విప్పాడు. "ఇంట్లో మేస్త్రిని పెట్టుకుని బయట ఇవ్వడమేంటి? నేనే చేస్తా. ఇంకెవడూ దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు."

"ఆ మందు మాత్రం నా గులాబీ మీద పడనివ్వకండి," అంది భార్య. "కిందటిసారి చుక్క పడి కొమ్మంతా మాడింది."

ఆమె మందు అన్నది హార్డెనర్‌ని. గాజు పీచు పరిచి మీద జిగురు రాస్తారు. జిగురు దానంతటది గట్టిపడదు. సీసాలోంచి హార్డెనర్ చుక్కలు పడాలి. రేవులో సగం బోట్లకు ఆ చుక్కలు వేసింది మేస్త్రి చెయ్యే. కొలత గ్లాసు వాడగా అతన్ని ఎవరూ చూడలేదు.

రెండో పూత ఆరలేదు. మూడోదీ ఆరలేదు. రేవు జనం గోడ మీంచి తొంగి చూశారు.

"బోటా మేస్త్రీ, ఈగలు పట్టే అట్టా?"

ఇంకొకడు గొంతు తగ్గించాడు, వినపడేంత. "పెద్దోడు పోయిన దగ్గర్నుంచి చెయ్యి వణుకుతోందిరా. చుక్కలు తప్పుతున్నాడు."

మాట రేవంతా పాకింది. మరమ్మతుకు పెట్టిన రెండు బోట్లనూ సొంతదారులు వెనక్కి తీసుకెళ్లారు. ఒకాయన ఏదో సాకు చెప్పాడు. రెండో ఆయన అదీ చెప్పలేదు. మేస్త్రి ఇద్దరికీ గేటు తెరిచి పట్టుకున్నాడు.

"మందు నేను పోస్తా నాన్నా," అన్నాడు కొడుకు.

మేస్త్రి సీసా అతని చేతికిచ్చాడు. కొడుకు గ్లాసు తెచ్చి, కొలిచి పోశాడు. తనే కలిపాడు, తనే రాశాడు. మర్నాడు చూస్తే అదే జిగురు.

ఇక లాభం లేదని కొడుకు వెళ్లి, తండ్రి దగ్గర పని నేర్చిన శిష్యుణ్ని పిలుచుకొచ్చాడు. శిష్యుడికి ఇప్పుడు రేవు అవతల సొంత షెడ్డుంది. అతను చీలికలో వేలు దూర్చి చూశాడు. పూత గోకి చూశాడు. జిగురు డబ్బా వాసన చూశాడు, సీసా వాసన చూశాడు. గురువు వైపు తిరిగాడు. గురువు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

శిష్యుడు సీసా మూత బిగించాడు.

"బోటు పనైపోయింది తమ్ముడూ. ఉప్పు తాగేసింది. దీనికి ఎవరు రాసినా ఇంతే."

"మీరు రాసినా?"

"గురువుగారికి అతకంది నాకు అతుకుతుందా?"

కొడుకు బోటును కాలితో తన్నాడు. చెప్పుకు జిగురు అంటుకుంది. ఇంకో బోటు కొనే తాహతు ఆ ఇంట్లో లేదు. వరండాలోకి వెళ్లి, ఇంజన్ అమ్మినవాడికి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లమన్నాడు.

గేటు దగ్గర శిష్యుడు ఆగాడు. "రేవులో అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"వాళ్లు అనుకుంటున్నదే చెప్పు," అన్నాడు మేస్త్రి.

శిష్యుడు తలవంచుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రి పెరట్లోకి వచ్చి సీసా అందుకుని, అందులో మిగిలిన మంచినీళ్లను భార్య గులాబీ మొదట్లో వంచాడు.