చిరివేరు ఎరుపు

"మూడేళ్లు చూశాం, ఇక చాలు నజ్మీన్. సాయంత్రానికి ఫ్లాస్కులన్నీ ఖాళీ చేసెయ్," అంది మాధవీలత మేడమ్.

బల్ల మీద రెండు గుడ్డలున్నాయి. ఒకటి నజ్మీన్ తాత బుడాన్ యాభై ఏళ్ల కిందట రంగు వేసిన చీరాల రుమాలు. రెండోది గుంటూరులోని ఈ ల్యాబులో, ఫ్లాస్కుల్లో పెంచిన చిరివేరు నుంచి రంగు తీసి నజ్మీన్ ముంచిన గుడ్డ. రెండూ ఎరుపే కానీ ఒకే ఎరుపు కాదు. రుమాలుది కళ్లలో పొడిచే ఎరుపు. నజ్మీన్‌ది పొద్దుగూకే వేళ ఆకాశంలా మెత్తగా ఉంది.

"ఇంకొక్క ఆర్నెల్లు ఇవ్వండి మేడమ్. పాళ్లు మార్చి చూస్తాను."

"ఎన్నిసార్లు మార్చావు? అసలైన చిరివేరు రంగంటే మా తాత రుమాలే అని నువ్వే తెచ్చావు. దానికి కలవనిదాన్ని చిరివేరు రంగని ఏ ముఖం పెట్టుకుని రాయను? పైవాళ్లు ప్రాజెక్టు మూసెయ్యమన్నారు."

నజ్మీన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రుమాలు తిరిగి తీసుకెళ్దామని పొద్దున్నే రైల్లో వచ్చిన బుడాన్, చెప్పులు గుమ్మం బయటే విడిచి, స్టూలు మీద ఒదిగి కూర్చుని ఉన్నాడు.

"పారేసేముందు నన్నొకసారి చూడనియ్యమ్మా," అన్నాడు.

నజ్మీన్ ఒక ఫ్లాస్కు అతని చేతిలో పెట్టింది. "మూత తియ్యకు తాతా, గాలి తగిలినా పాడైపోతుంది."

మట్టి లేదు, ఎండ లేదు. నీళ్లలో సన్నటి వేర్లు మెలికలు తిరిగి తేలుతున్నాయి. సముద్రపొడ్డు ఇసక దిబ్బలన్నీ రొయ్యల చెరువులయ్యాక బుడాన్ ఈ వేరును చూడనేలేదు. కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు వచ్చి తుమ్మాడు.

"ఉప్పుగాలి లేకుండా ఎట్టా పెరిగావే నువ్వు?" అని వేరునే అడిగాడు.

తర్వాత నజ్మీన్ గుడ్డను ముఖానికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. గది ఎటో పోయింది. దిబ్బల మీద ఆడవాళ్లు గునపాలతో వేర్లు తవ్వుతున్నారు. ఇసక మీద పొడుగ్గా పరిచిన గుడ్డలు ఆరుతున్నాయి. నాన్న "నీళ్లు చల్లరా బుడానూ!" అని దూరం నుంచి కేకేస్తున్నాడు. బుడాన్ పెదాలు కదిలాయి, ఆ కేకకు బదులిస్తున్నట్టు.

"తాతా..."

కళ్లు తెరిచాడు. "ఇదే. మా నాన్న వేసిన ఎరుపు ఇదే. అసలైన చిరివేరు."

మాధవీలత జాలిగా నవ్వింది. "మనవరాలి మీద ప్రేమకొద్దీ అంటున్నారు. మీ రుమాలు కళ్లెదుటే ఉంది కదండీ. ఊరంతా కలిసి మీకు శాలువా కప్పింది దీన్ని చూసే కదా?"

"నాకోసం అబద్ధం ఆడకు తాతా," అంది నజ్మీన్.

బుడాన్ రుమాలు అందుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"ఇప్పుడు ఆడట్లేదమ్మా. దీనికి రంగేసిన ఏడు తుపానుకి దిబ్బలు కొట్టుకుపోయి ఒక్క వేరూ దొరకలా. ఈ రుమాలుకి బజార్లో డబ్బా రంగు కొని వేశాను."