నిండు గోదావరి

విజయనగరం నుంచి కన్యాకుమారికని, కారు వెనక తగిలించిన ఇంటిబండిలో బయల్దేరినప్పటి నుంచీ హైమావతికి ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ బండికి కిటికీలున్నాయి గానీ తెరుచుకోవు.

"లోపల్నుంచే అన్నీ కనిపిస్తన్నాయి కదమ్మా!" అన్నాడు ముందు కారు నడుపుతున్న కొడుకు శశిధర్, బండిలోని స్పీకర్లోంచి.

కనిపిస్తున్నాయి. ఇప్పుడైతే కిటికీ నిండా గోదావరి ఒడ్లొరుసుకుని పారుతోంది. రూపాయి బిళ్ళలు చెల్లడం మానేసినా గోదారమ్మ కోసమని దాచుకున్న రూపాయిని హైమావతి కొంగుముడిలోంచి తీసింది.

"బండాపు. వట్టి చేతుల్తో గోదారి దాటేస్తామేట్రా?"

"వంతెన మీద ఆపకూడదమ్మా."

"ఆపుతావా, తలుపు విరగ్గొట్టీనా?"

బండి ఆగింది. విసురుగా దిగి, రెయిలింగు మీంచి వంగి చూసింది. కింద చుక్క నీరు లేదు. ఎండి పెచ్చులు లేచిన బురద, దాని మీద తిరుగుతున్న లారీలు. రూపాయి పిడికిట్లో బిగించి వెనక్కి వచ్చింది.

లోపల కిటికీలో గోదావరి ఇంకా నిండుగానే పారుతోంది.

"ఎవుల్ని మోసం చేస్తన్నార్రా?" అని అరుస్తూ రూపాయిని ఆ కిటికీకేసి విసిరికొట్టింది. అది ఠంగుమని తగిలి ఆమె కాళ్ళ దగ్గరే పడింది. కిటికీలో మాత్రం నీళ్ళు చింది, అలలు గుండ్రంగా విచ్చుకున్నాయి.

"పడింది నానమ్మా! దణ్ణం పెట్టుకో," అంటూ మనవరాలు లేఖ్య భక్తిగా చేతులు జోడించింది.

హైమావతి పొయ్యి పక్కనున్న పచ్చడిబండ అందుకుంది.