తిరుగు స్వరం

“ఇది మరీ ఖచ్చితంగా ఉందమ్మా,” అన్నాడు జనార్ధనరావు, తీగలమీద అరచేయి ఆనించి మోత ఆపుతూ.

అలేఖ్యకు నవ్వూ విసుగూ ఒకేసారి వచ్చాయి. “ఖచ్చితంగా ఉండటం కూడా తప్పేనా అంకుల్? ఖచ్చితంగా లేదనే కదా అందరూ వాపసు తెస్తారు!”

క్రైస్ట్‌చర్చ్‌లో పాత వాయిద్యాలు కొని, బాగుచేసి అమ్మే దుకాణం అది. డునెడిన్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుకున్న అలేఖ్య అక్కడ మరమ్మతులూ అమ్మకాలూ చూస్తుంది. చేతిలో డబ్బు తక్కువున్న కళాకారులకు పనికొచ్చే పెడల్ వెతికి ఇవ్వడం ఆమెకు ఉద్యోగం మాత్రమే కాదు, పట్టుదల. చవక వేరు, నాసిరకం వేరు అన్నది ఆమె సిద్ధాంతం. అంతుచిక్కని మాధుర్యం ఉందంటూ పదింతల ధర చెప్పే ప్రకటనలను ఆమె నమ్మదు. డబ్బా విప్పి, లోపలి సర్క్యూట్ చూసి గానీ మాట్లాడదు.

ఇప్పుడు ఆమె ముందు నేలమీద అలాంటి పెడల్సే, సబ్బుపెట్టెలంత ఇనప డబ్బాలు కొన్ని పరిచి ఉన్నాయి. కాలితో నొక్కితే చాలు, గిటారు పలికిన స్వరాన్ని అవి ఒక్క క్షణం ఆగి తిరిగి పలికిస్తాయి. ఒక గిటారు రెండుగా వినిపిస్తుంది. జనార్ధనరావు రాగానే అడిగింది అదే.

“రేపు ఉగాది ప్రోగ్రాంలో నా ఐటెం ఉంది. ఏటా రెండు గిటార్లతో వాయించే పాట. ఈసారి రెండో గిటారుకి ఎవరూ లేరు. సరైన పెడల్ దొరికిందా సరే, లేదంటే ఫోన్ చేసి నా పేరు తీసేయమంటాను.”

“అయ్యో, అంతదాకా ఎందుకు? మా ఫ్లాట్‌లో రోహన్ ఉన్నాడు. చాలా బాగా వాయిస్తాడు.”

“బాగా వాయించేవాళ్లని చాలామందినే చెప్పారమ్మా,” అంటూ గిటారు పెట్టె తెరిచాడు.

అద్దాల అవతల గాలికి రాలిన ఆకులు ఫుట్‌పాత్ మీద పొర్లుతున్నాయి. దక్షిణార్ధగోళం కదా, ఉగాది ఇక్కడ ఆకురాలే కాలంలో వస్తుంది. దుకాణంలో వేరే కొనుగోలుదారులెవరూ లేరు. అయినా జనార్ధనరావు ఇద్దరు కూర్చునే బల్లమీద కుడి కొసన ఒదిగి కూర్చున్నాడు. ప్రతి పెడల్ మీదా ఒకే పాట, అందులోనూ మొదటి వరుసే. వరుస ముగియగానే చేతులు ఆపి, తల ఎడమవైపు వంచి వింటాడు. విని, తల అడ్డంగా ఊపుతాడు.

“ఇది తొందరపడుతోంది.”

అలేఖ్య నాబ్ తిప్పింది. “ఇప్పుడు వినండి.”

“వెనకబడింది. కానీ ప్రతిసారీ ఒకే కొలతలో వెనకబడుతోంది.”

“యంత్రం కదండీ! మూడ్‌ని బట్టి వెనకబడమంటే ఎలా?”

ఆయన నవ్వలేదు. ఊరిని కూల్చిన భూకంపం తర్వాత లేచిన భవనాల లెక్కలు సరిచూసే ఇంజనీరట. గోడ వెంట్రుకవాసి వంగినా సంతకం పెట్టడని పేరు. అలాంటి మనిషి ఖచ్చితత్వానికే వంక పెడుతున్నాడంటే, ధర దించడానికి ఇదో ఎత్తు అయుండాలని అలేఖ్య తేల్చుకుంది. ఉన్నవాటిలోకెల్లా మంచిది ఎత్తి బల్లమీద పెట్టింది.

“సరే అంకుల్, ఓడిపోయాను. నా స్టాఫ్ డిస్కౌంట్ మీకిచ్చేస్తున్నా. అన్నింటికన్నా చవకదాని ధరకే ఇది తీసుకోండి.”

“డబ్బు సంగతి కాదమ్మా. నీ తప్పేం లేదు. అన్నీ మంచివే.” గిటారును పెట్టెలో పెట్టబోయి, జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు వెతుకుతున్న వేలు తెరమీదే ఆగింది. కౌంటరు కింద ఒక అట్టపెట్టె ఆయన కంటబడింది. “అందులోవి?”

“అవి చచ్చినవి. స్పేర్ పార్టుల కోసం ఉంచాం.”

“ఆ పచ్చది ఒకసారి చూపించు.”

ప్లాస్టిక్ డబ్బా. నాబ్ విరిగి, మొండి మాత్రం మిగిలింది. “నవ్వకూడదు మరి,” అంటూ అలేఖ్య వైర్లు కలిపింది.

ఆయన అదే వరుస వాయించి ఆగాడు. ఏమీ వినిపించలేదు. చూశారా, అని ఆమె అనబోతుండగా స్వరం వచ్చింది. ఆలస్యంగా, దారి తడుముకుంటూ, శ్రుతి ఒక పిసరు దిగిపోయి. మళ్లీ వాయించాడు. ఈసారి త్వరగానే అందుకుని, మధ్యలో తడబడి, చివరికి మళ్లీ వెనకబడింది.

ఆయన తల అడ్డంగా ఊపలేదు. మూడోసారి వేగం తగ్గించాడు, అది అందుకునేదాకా. తర్వాత ఆ గంటలో మొదటిసారిగా రెండో వరుసలోకి వెళ్లాడు. వాయిస్తూనే, ఎడమవైపు ఖాళీగా ఉన్న బల్లమీద మరికాస్త చోటు విడిచి, కొసకి జరిగాడు.

పాట అయ్యాక అలేఖ్య బతిమాలింది. “లోపల కాంటాక్ట్ వదులైంది అంకుల్, అంతే. రేపు పొద్దున్నే రండి. సోల్డర్ చేసి కొత్త నాబ్ వేసిస్తాను. ఫ్రీగానే.”

జనార్ధనరావు పచ్చడబ్బాను చప్పున ఒళ్లోకి తీసుకున్నాడు. “వద్దు. దీన్ని బాగుచేయకు.”

“స్టేజీమీద మీ పరువు పోతుందండీ! టైముకి రాదు, శ్రుతి నిలవదు. మీలాంటివారికి ఇందులో ఏం నచ్చింది?”

ఆయన విరిగిన మొండిని బొటనవేలితో నిమిరాడు.

“మా ఆవిడ పుష్ప ఎప్పుడూ ఇలాగే అందుకునేది.”