వణకని గొంతు

“మైకుకి దగ్గరగా జరుగు బాబూ, అదేం కరవదు,” అంది పరీక్ష పెట్టే ఆవిడ.

అతను కుర్చీ ముందుకి లాక్కున్నాడు. స్కూలు బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఇదే ఆఖరి పరీక్ష. అబద్ధం చెబితే గొంతులో సన్నటి వణుకు పుడుతుందట. చెవికి అందని ఆ వణుకుని ఈ మెషీను పట్టేసి తెర మీద గీతలా చూపిస్తుందట.

“బండి నడపడంలో నిన్న ఫుల్ మార్కులు వచ్చాయిగా, ఇంక భయం దేనికి? ముందు ఒక నిజం చెప్పు. నిజం చెప్పేటప్పుడు నీ గొంతు ఎలా ఉంటుందో దీనికి తెలియాలి.” ఆవిడ కాగితం చూసి పేరు చదివింది. “నువ్వేగా?”

“నేనేనండీ.”

గీత పైకి లేచి, కిందికి దిగింది. ఆవిడ తల ఊపింది.

“ఇప్పుడు అసలు ప్రశ్నలు. తాగి ఎప్పుడైనా బండి నడిపావా?”

“లేదండీ.”

“ఎవరినైనా గుద్దేసి, ఆపకుండా వెళ్లిపోయావా?”

“లేదండీ.”

“నీ వల్ల ఏ పిల్లాడికైనా దెబ్బ తగిలిందా?”

“లేదండీ. ఒట్టు.”

“ఒట్లు అక్కర్లేదయ్యా, మెషీను ఉందిగా,” అని నవ్వింది ఆవిడ.

ఈ మూడు జవాబులూ నిజమే. అయినా అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. కిటికీ అవతల పసుపు బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. ఊడవడానికి ఎక్కిన ఆయా, సీటు కింద దొరికిన బుల్లి బూటు పట్టుకుని దిగింది. అతను చూపు తిప్పేసుకున్నాడు.

పొద్దున వదిన అతని రెండు చేతులూ పట్టుకుంది. “నా మొహం చూసి ఈ ఒక్కసారికి వెళ్లిరావయ్యా. ఇల్లు గడవాలి కదా.” కాదనలేకపోయాడు.

“మొదటి జవాబుకీ మిగతావాటికీ వెంట్రుకవాసి తేడా లేదు,” అంది ఆవిడ తెర చూస్తూ. “ఇంత నిఖార్సయిన గొంతు ఈమధ్య వినలేదు. మా మనవరాలూ ఈ బస్సుల్లోనే వెళ్తుంది. నీలాంటివాడు నడిపితే నాకూ నిశ్చింత.”

అతనికి చెంప ఛెళ్లుమన్నట్టయింది.

“అమ్మా...”

“ఏంటి బాబూ?”

మాట నోటిదాకా వచ్చింది. వదిన కళ్లు గుర్తొచ్చాయి. మింగేశాడు.

“కాసిని మంచినీళ్లు ఉన్నాయా?”

ఆవిడ నీళ్లిచ్చింది. బీరువాలోంచి ఖాకీ చొక్కా తీసి అతని భుజాలకి ఆనించి చూసింది. “కొలత తీసి కుట్టినట్టుంది. రేపు పొద్దున్నే డ్యూటీ.”

ఇంటికి వచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. చొక్కా చూడగానే అరచేతుల్తో కళ్లు తుడుచుకుంది.

“ఇంక అంతా మంచే జరుగుతుంది, చూడు.”

“జరిగితే చాలు వదినా,” అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

లోపలికి వెళ్లి, పట్టపగలే తాగి మంచమ్మీద అడ్డంగా పడున్న తన కవల సోదరుణ్ణి కుదిపి, “లే అన్నయ్యా, డ్రైవరు ఉద్యోగం నీకే వచ్చింది,” అన్నాడు.