మైలు లోపల బడి

ఆమోసు పంతులు ఆ నెలలో మూడోసారి బెజవాడ బస్సెక్కుతుంటే మణెమ్మ చూసింది.

ఉతికిన చొక్కా. చంకలో కాగితాలు.

"ఎక్కడికి పంతులుగారూ, బడి మానేసి?"

"ఆఫీసులో చిన్న పనుందమ్మా. మధ్యాన్నానికి వచ్చేస్తా."

"ఏం పని?"

"అయ్యాక చెబుతాలే."

బస్సు కదిలింది. మణెమ్మకి ఒళ్ళు మండింది. ఆ పనేమిటో చెప్పకపోయినా ఆమెకి అర్థమైంది.

కంకిపాడుకి మూడు మైళ్ళ అవతల, కాలవ పక్కన ముప్ఫై గడపల పేట అది. ఆమోసు అక్కడికి వచ్చి పదకొండేళ్ళయింది. పాక వేసుకుని సొంతంగా బడి నడుపుతున్నాడు. జీతం లేదు. కోతలప్పుడు ఇంటికి కుంచెడు వడ్లు కొలుస్తారు.

ఆ బడి మూడో తరగతి దాకానే. పైకి చదవాలంటే కాలవగట్టున కంకిపాడు నడవాలి. ఆడపిల్లల్ని ఎవరూ పంపరు.

మణెమ్మ కూతురు మార్త రెండేళ్ళుగా మూడో తరగతే చదువుతోంది.

అందుకే మణెమ్మ డెబ్బై మూడులో గవర్నమెంటు బడి కావాలని అర్జీ రాయించింది. ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించింది.

జీవరత్నం ముసలాయన మాత్రం నవ్వాడు.

"గవర్నమెంటు పంతులికి వచ్చినా రాకపోయినా జీతం వస్తదే పిల్లా. మన పంతులైతే వడ్ల కోసమన్నా వస్తాడు."

"వడ్ల కోసం వచ్చేవాడు నాలుగోక్లాసు చెబుతాడా బాబాయ్?"

"నువ్వు చదివి ఊడబొడిచావా ఏంటి?"

"చదవలేదు గనకేగా ఇట్టా తిరుగుతున్నా. ముందు వేలు ముద్దరెయ్యి."

నవంబరులో ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. పాక చూశారు. పిల్లల్ని లెక్కపెట్టారు.

"మైలు లోపల గుర్తింపు ఉన్న బడి ఒకటి ఉండగా ఇంకోటి ఇవ్వటానికి రూలు ఒప్పుకోదమ్మా" అని జీపెక్కారు.

మర్నాడు పొద్దున్నే మణెమ్మ పంతుల్ని అడిగింది.

"మీ బడి ఎత్తేస్తే మాకు పెద్దబడి వస్తదంటండీ."

ఆమోసు ఆమె మొహం వైపు చూడలేదు. "చూద్దాం" అన్నాడు. అంతే.

అప్పట్నించే ఈ బెజవాడ ప్రయాణాలు.

"పెద్దబడి రాకుండా ఆఫీసర్ల కాళ్ళు పట్టుకుంటన్నాడు. కుంచెడు వడ్ల కోసం మన పిల్లల నోట్లో మన్ను కొడుతున్నాడు" అని మణెమ్మ పేటంతా చెప్పింది.

ఆ యేడు కల్లంలో పంతులికి ఎవరూ వడ్లు కొలవలేదు. జీవరత్నం కొలవబోతే మణెమ్మ ఆయన చేతిలో కుంచం లాక్కుంది.

తర్వాతి సోమవారం బడికి ఒక్క పిల్లా రాలేదు. మణెమ్మ వచ్చింది. ఆమె వెనకే పదిమంది.

"ఎవరి కోసం కూర్చున్నావు?"

పదకొండేళ్ళలో ఆమె ఆయన్ని నువ్వు అనటం అదే మొదలు.

ఆమోసు లేచి నిలబడ్డాడు. "పిల్లలు రాలేదేమమ్మా? ఊళ్ళో జ్వరాలా?"

"పిల్లలు బాగానే ఉన్నారు. నువ్వు పోతే ఇంకా బాగుంటారు."

"ఏప్రిల్ దాకా ఆగండమ్మా. పరీక్షలయ్యాక నేనే..."

"విన్నారా! ఏప్రిల్ దాకా తినాలంట!"

అందరూ ఘొల్లున నవ్వారు.

సాయంత్రానికి ఆమోసు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని గట్టెక్కాడు. మార్త ఎదురుపడితే ఆగాడు.

"జూన్లో బడికి పోవాలమ్మా నువ్వు. మానొద్దు."

"ఏ బడికండోయ్?" అని మణెమ్మ వాకిట్లోంచి అరిచింది. "ఎగతాళి చూడు!"

ఆయన వెనక్కి తిరగలేదు.

ఆర్నెల్లు పేటలో బడి లేదు. పిల్లలు మినపచేలల్లో తిరిగారు. మార్త పలక ముందేసుకుని, వచ్చిన ముక్కలే మళ్ళీ మళ్ళీ రాసుకునేది. మణెమ్మ అది చూడనట్టు ఊరుకునేది.

జూన్లో నిజంగానే బడి వచ్చింది. అయిదో తరగతి దాకా. ఛాయాదేవి అనే టీచరు రిజిస్టర్లూ ఫైలూ పట్టుకుని బస్సు దిగింది.

మణెమ్మ బల్ల తుడిచి, బొండం కొట్టించి ఇచ్చింది.

"చూశారాండీ, నేనేయించిన వేలిముద్రలు ఎంత పని చేసినయ్యో!"

"ఆ అర్జీ కొట్టేశారండీ" అంది ఛాయాదేవి ఫైలు తిప్పుతూ. "ఈ బడి ఇచ్చింది ఇంకో అర్జీ మీద."

"ఇంకోటా? ఎవరిదండీ?"

ఛాయాదేవి పైకి చదివింది.

"'నా బడికి ఇచ్చిన గుర్తింపు రద్దు చేసి, ఇక్కడి పిల్లలకు అయిదవ తరగతి వరకు సర్కారు బడి ఇప్పించ ప్రార్థన. నాకు ట్రైనింగు లేనందున అందులో ఉద్యోగము కోరుట లేదు. కొత్త టీచరు వచ్చువరకు పిల్లలకు నేనే చెప్పగలను. ఈ సంగతి పేటలో వారికి తెలియనివ్వవద్దు. తెలిసిన యెడల వారు నన్ను పోనివ్వరు. చిత్తగించవలెను, ఆమోసు.'"

మణెమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"తారీఖు... తారీఖు ఎప్పుడేశాడండీ?"

"నవంబరు పద్దెనిమిది."

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి వెళ్ళిన రోజు. బడి ఎత్తెయ్యమని తను అడగటానికి ముందు రోజు.

మణెమ్మ ఫైలు మీదికి వంగింది.

"ఆయన సొంతూరు ఏదో అందులో రాసుంటారు, చూడండమ్మా. పోయి కాళ్ళు పట్టుకుంటా."

ఛాయాదేవి కాగితం కింది దాకా చూసింది.

"సొంత ఊరు అన్నచోట ఈ పేట పేరే రాశారండీ."